ముగ్గురి ప్రేమకథలో 'మనం' అంటే ఎవరు?

కొరియన్ వెబ్‌టూన్లు చదివేవాళ్ళు మన క్యాంపస్‌లో చాలామందే ఉన్నారు. 'సోలో లెవెలింగ్' చదివాం అని అందరూ గర్వంగా చెబుతారు. రొమాన్స్ చదువుతున్నాం అని చెప్పేటప్పుడు గొంతు కొంచెం తగ్గుతుంది. కవర్ మూలన '19' అని గుర్తు ఉన్న పొట్టి కథల దగ్గరికొస్తే అసలు మాటే రాదు. ఆ పొట్టి కథల్లో ఇంకా చిన్న సందు ఒకటుంది. అక్కడ ప్రేమించుకునేది ఇద్దరు కాదు, ముగ్గురు. ఒకరికి తెలియకుండా ఒకరు నడిపే కథలు కావు. ముగ్గురికీ తెలుసు, ముగ్గురూ ఒప్పుకున్నారు, ముగ్గురూ కలిసి ఉంటారు. దీన్నే పాలీఅమొరీ అంటున్నారు.

ముందే చెప్పేస్తున్నా. ఇందులో లింకులు ఉండవు, "టాప్ టెన్" లిస్టు ఉండదు, బొమ్మల వర్ణన అసలే ఉండదు. అవి పెద్దవాళ్ళ కోసం గీసిన కథలు, అందులో పాత్రలూ పెద్దవాళ్ళే. నేను చెప్పాలనుకున్నది వేరే. ఇలాంటి కథ కొరియాలో ఎందుకు పుట్టింది, పొట్టి కథగానే ఎందుకు బాగా కుదురుతుంది, ఇంగ్లీషులో చదివితే మనం ఏం మిస్ అవుతున్నాం, అది తెలుగు తెలిసినవాళ్ళకి ఎందుకు త్వరగా పట్టుబడుతుంది. చివరి రెండింటి వల్లే ఈ ఆర్టికల్ మన సాహిత్య క్లబ్ మ్యాగజైన్‌కి రాస్తున్నా.

మోసానికి చాలా మాటలు, ఒప్పందానికి ఒక్కటే

'పాలీ' గ్రీకు మాట, అనేకం అని అర్థం. 'అమోర్' లాటిన్ మాట, ప్రేమ అని అర్థం. రెండిటినీ అతికించి చేసిన ఈ పదం 1990ల్లో అమెరికాలో వాడుకలోకి వచ్చింది. ఇది బహుభార్యత్వం కాదు. బహుభార్యత్వం ఒక పెళ్ళి పద్ధతి, అందులో భార్యల్ని అడిగారా లేదా అన్నది చాలాచోట్ల లెక్కలోకే రాలేదు. పాలీఅమొరీకి రెండే కండిషన్లు: అందరికీ తెలిసి ఉండాలి, అందరూ ఇష్టపడి ఒప్పుకోవాలి. ఈ రెండిట్లో ఒకటి ఫెయిలైనా దానికి మన దగ్గర ఎప్పట్నించో ఒక పేరుంది, మోసం.

కొరియన్ భాషలో మోసం వైపు పదాలు ఎంత రంగుగా ఉంటాయో చూడండి. ఒకేసారి ఇద్దరితో నడిపితే 'యాంగ్‌దారి' అంటారు, అంటే 'రెండు వైపులా కాళ్ళు'. మన 'రెండు పడవల మీద కాళ్ళు' గుర్తొచ్చిందా? అదే ఊహ, దాదాపు అదే బొమ్మ. ఇద్దరు కాక ఇంకా ఎక్కువైతే 'మునొదారి', అంటే ఆక్టోపస్ కాళ్ళు. ఎవరికీ అవుననీ చెప్పకుండా కాదనీ చెప్పకుండా అందర్నీ ఆశలో ఉంచేదాన్ని 'ఒజాంగ్ క్వల్లి' అంటారు, చేపల చెరువు మేనేజ్‌మెంట్ అన్నమాట. భీమవరం వైపు ఫ్రెండ్స్‌కి ఈ పోలిక విడమర్చి చెప్పక్కర్లేదు.

ఒప్పందం వైపు చూస్తే మాత్రం ఇంగ్లీషు నుంచి తెచ్చుకున్న 'పొల్లియమోరి', లేదా పుస్తకంలో ఉన్నట్టుండే 'దాజా యొనే' కనిపిస్తాయి. 'దాజా' అంటే పలువురు, 'యొనే' అంటే ప్రేమ. మామూలు మాటల్లో పుట్టిన ముద్దుపేరు లేదు.

తెలుగులోనూ అంతే. 'చిన్నిల్లు' ఉంది, 'సవతి' ఉంది. సవతి అనగానే పక్కన 'పోరు' వచ్చి కూర్చుంటుంది. నా భాగస్వామిని ప్రేమించే ఇంకో మనిషి నాకు ఏమవుతారు? ఇంగ్లీషులో పాలీ జనం దానికి 'మెటమోర్' అని ఒక పదం చేసుకున్నారు, అందులో శత్రుత్వం లేదు. మనకి ఉన్న ఒకే ఒక్క మాటలో శత్రుత్వం పుట్టుకతోనే ఉంది. అది కూడా ఆడవాళ్ళకే. ఒక స్త్రీని ప్రేమించే ఇద్దరు మగవాళ్ళు ఒకరికొకరు ఏమవుతారో చెప్పే మాట మన వాడుకలో లేదు. ఇలాంటి కథకి ముందు ఎదురయ్యే కష్టం ఇదే: పాత్రల మధ్య ఉన్నదాన్ని ఏమని పిలవాలో తెలియదు.

ట్రయాంగిల్ లవ్ స్టోరీ నిజానికి ట్రయాంగిల్ కాదు

డిస్క్రీట్ మ్యాథ్స్ చదివినవాళ్ళు ఒక్క నిమిషం పేపర్ తీసుకోండి. ఒక అమ్మాయి, ఆమెని ఇష్టపడే ఇద్దరు అబ్బాయిలు. ముగ్గురికీ మూడు చుక్కలు పెట్టండి. ఎవరి మధ్య ప్రేమ ఉందో అక్కడ గీత గీయండి. ఎన్ని గీతలొచ్చాయి? రెండు. అబ్బాయిల మధ్య గీత లేదు. అంటే మనం ఇన్నాళ్ళుగా 'ట్రయాంగిల్' అంటున్నది ఇంగ్లీషు 'వి' అక్షరం ఆకారం. మూడో గీత ఉంటేనే త్రిభుజం పూర్తవుతుంది.

మామూలు రొమాన్స్ కథ ఆ 'వి'లోంచి ఒక గీత చెరిపేయడంతో ముగుస్తుంది. ఎవరిని ఎంచుకుంటుంది అన్నదే సస్పెన్స్. సూన్‌కీ గీసిన 'చీజ్ ఇన్ ద ట్రాప్' 2010 నుంచి 2017 దాకా నేవర్‌లో నడిచింది. చదువరులు రెండు జట్లుగా విడిపోయి వాదించుకున్నారు. 'ట్రూ బ్యూటీ'కీ అదే గతి, అక్కడా సెకండ్ హీరో కోసం కన్నీళ్ళు పెట్టుకున్నవాళ్ళు తక్కువేం లేరు. సెకండ్ లీడ్ సిండ్రోమ్ అని దానికి పేరు కూడా పెట్టేశారు.

పాలీ కథ చేసేది ఏంటంటే, గీత చెరపనంటుంది. అప్పుడు కథకుడి ముందు రెండు దారులు ఉంటాయి. ఒకటి, 'వి'ని 'వి'గానే ఉంచి, చివరి ఇద్దరి మధ్య స్నేహమో, కనీసం మర్యాదో కట్టడం. రెండు, మూడో గీత కూడా గీసేయడం. ఇద్దరు మగవాళ్ళ మధ్య, ఇద్దరు ఆడవాళ్ళ మధ్య ప్రేమ రాసే విభాగాల్లో రెండో దారి సులువు, ఎందుకంటే అక్కడ ముగ్గురూ ఒకటే జెండర్ కాబట్టి ఏ గీతైనా సాధ్యమే.

లెక్క ఇక్కడితో ఆగదు. ముగ్గురు ఉంటే జంటలు మూడు, ముగ్గురూ కలిసి ఉన్న గుంపు ఒకటి. అంటే కథ నాలుగు బంధాల్ని మోయాలి. ఇద్దరి కథకి ఒకటే బంధం. అదే నలుగురైతే? ఇద్దరిద్దరుగా ఆరు, ముగ్గురేసి నాలుగు, నలుగురూ కలిసి ఒకటి, మొత్తం పదకొండు. ఒక పొట్టి కథలో పదకొండు బంధాల్ని నమ్మించడం ఎవరి వల్లా కాదు. అందుకే ఈ రకం కథలు ఎక్కువగా ముగ్గురి దగ్గర ఆగిపోతాయి. అది నీతి వల్ల కాదు, కాంబినేటరిక్స్ వల్ల.

19 అంకె వెనక కథ

ఇవి కొరియాలోనే ఎందుకు ఇంత పద్ధతిగా వస్తున్నాయి అనేదానికి కొంచెం వెనక్కి వెళ్ళాలి. 1997లో అక్కడ యువజన రక్షణ చట్టం వచ్చింది. అదే సమయంలో కామిక్స్ మీద గట్టి దాడి మొదలైంది. లీ హ్యొన్‌సే అనే చాలా పెద్ద పేరున్న చిత్రకారుడి మీద, ఆయన గీసిన పురాణగాథ కామిక్ అసభ్యంగా ఉందని కేసు పెట్టారు. ఆయన నిర్దోషి అని తేలడానికి 2003 దాకా పట్టింది. ఈలోగా 1997 చివర్లో ఆర్థిక సంక్షోభం వచ్చి పడింది. అచ్చు కామిక్స్ మార్కెట్ కుదేలైంది. చిత్రకారులు ఇంటర్నెట్‌కి వచ్చారు. 2003లో దౌమ్, 2004లో నేవర్ తమ పోర్టల్స్‌లో వెబ్‌టూన్లు పెట్టాయి. పేజీ పోయింది, కిందకి జరుపుకుంటూ వెళ్ళే పొడుగు పట్టీ వచ్చింది.

అప్పట్లో పోర్టల్స్‌లో వెబ్‌టూన్లు ఉచితం, అందరికీ కనిపిస్తాయి. అందరికీ కనిపించే చోట పెద్దవాళ్ళ కథ చెప్పడం కష్టం. 2013లో లెజిన్ కామిక్స్ మొదలై, డబ్బు కట్టి చదవండి అంది. పెద్దవాళ్ళ కథలకి అక్కడ చోటు దొరికింది. 2015 మార్చిలో కొరియా ప్రసార, సమాచార ప్రమాణాల సంస్థ ఆ సైట్ మొత్తాన్ని బ్లాక్ చేసింది. జనం గొడవ చేస్తే వెంటనే వెనక్కి తీసుకుంది కూడా. దాన్ని బట్టి ఆ గీత ఎంత పల్చగా ఉందో తెలుస్తుంది.

అక్కడ '19' గుర్తున్న కథ తెరవాలంటే "నాకు 18 దాటాయి" అని ఒక బటన్ నొక్కితే సరిపోదు. ఫోన్ నంబర్ లాంటి ఆధారాలతో వయసు నిరూపించుకోవాలి. 19 నిండే సంవత్సరం జనవరి 1 నుంచి అనుమతి. మనలో చాలామంది చదివేది ఈ తలుపుల్లోంచి కాదు. దొంగ సైట్లలో, మెషీన్ ట్రాన్స్‌లేషన్‌లో చదువుతారు. అక్కడ వయసు అడిగేవాళ్ళు లేరు, గీసినవాళ్ళకి రూపాయి చేరదు. కొరియాలో పెద్ద దొంగ సైట్‌గా పేరుపడ్డ 'బామ్ తొక్కి' నడిపిన వ్యక్తిని 2018లో అరెస్ట్ చేశారు. ఇలాంటి పొట్టి కథలు గీసేవాళ్ళు చాలావరకు చిన్న చిత్రకారులే. కొద్ది ఎపిసోడ్ల కథ ఫ్రీగా లీకైతే వాళ్ళకి మిగిలేది ఏమీ ఉండదు.

చట్టం మారిన దేశంలో

రెండో కారణం చట్టం. 1953 నుంచి కొరియాలో వ్యభిచారం నేరం, రెండేళ్ళ దాకా జైలు. భార్యాభర్తల్లో ఒకరు ఫిర్యాదు చేస్తే రెండోవారితో పాటు వాళ్ళతో ఉన్న వ్యక్తికీ శిక్ష. రాజ్యాంగ న్యాయస్థానం ముందుకి ఇది 1990, 1993, 2001, 2008లో వెళ్ళింది, నాలుగుసార్లూ చట్టమే గెలిచింది. ఐదోసారి, 2015 ఫిబ్రవరి 26న, ఏడుగురు జడ్జిలు వద్దని, ఇద్దరు ఉండాలని తీర్పిచ్చారు. చట్టం పోయింది.

మన దగ్గర సెక్షన్ 497 పోయింది 2018 సెప్టెంబర్‌లో. రెండూ పైకి ఒకేలా ఉన్నా లోపల తేడా ఉంది. మన సెక్షన్‌లో శిక్ష మగవాడికే. పైగా ఆ స్త్రీ భర్త ఒప్పుకుంటే అసలు నేరమే కాదు. ఆమె ఒప్పుకుందా లేదా అన్నది ప్రశ్నే కాదు, ఆమె ఎవరిది అన్నదే ప్రశ్న. పాలీ కథలో మొదటి ప్రశ్న దానికి పూర్తిగా రివర్స్: ఎవరు ఎవరి సొత్తు అని కాదు, ఎవరు ఏమి ఒప్పుకున్నారు అని.

కొరియన్ సాహిత్యం ఈ ప్రశ్నని చట్టం పోకముందే వేసింది. పార్క్ హ్యొన్‌ఉక్ రాసిన నవల 'నా భార్య పెళ్ళి చేసుకుంది' 2006లో వచ్చింది. 2008లో సొన్ యేజిన్ హీరోయిన్‌గా సినిమా అయింది. ఫుట్‌బాల్ పిచ్చి ఉన్న భార్య, నీతోనే ఉంటా, కానీ ఇంకొకర్ని కూడా పెళ్ళి చేసుకుంటా అంటుంది. కథ చెప్పేది ఆ భర్త. అతని కోపం, ఏడుపు, లెక్కలు, సర్దుబాటు అన్నీ వినబడతాయి. ఆ తర్వాత వచ్చిన ముగ్గురి కథలకి ఇదొక పెద్ద మెట్టు అని నా అభిప్రాయం. ఇక్కడ ఇద్దరు పెళ్ళాల మధ్య నలిగే మగవాడి కామెడీ లేదు. ఇద్దరు కావాలని నోరు తెరిచి అడిగిన స్త్రీ ఉంది.

దీనికి తోడు కొరియాలో పెళ్ళే పలచబడుతోంది. 2023లో అక్కడ ఒక్కో స్త్రీకి సగటు పిల్లల సంఖ్య 0.72. మూడో వంతుకు పైగా ఇళ్ళలో ఒక్కరే ఉంటున్నారు. ప్రేమ, పెళ్ళి, పిల్లలు మూడూ వదిలేసుకున్న తరం అని తమని తాము 'సామ్‌పో' తరం అని పిలుచుకున్నారు. అద్దె ఇంటికి కోట్ల వాన్ డిపాజిట్ కట్టలేని యువతకి, ఇద్దరికి బదులు ముగ్గురు కలిసి ఉండే ఇల్లు ఒక కల లాంటిది కూడా. అందుకే ఈ కథల్లో చాలావాటికి మొదటి సీన్ రూమ్ షేరింగే.

పొట్టిగా ఎందుకు?

పెద్ద వెబ్‌టూన్ ప్రతి వారం "తర్వాత ఏంటి?" అనిపించాలి. దానికి ఎంపికని వాయిదా వెయ్యాలి. ఎంపికే వద్దు అని తేలిపోతే సస్పెన్స్ చచ్చిపోతుంది, డబ్బులు ఆగిపోతాయి. పొట్టి కథకి ఆ బెంగ లేదు. అందుకే పెద్ద సిరీస్ ఎక్కడ ముగుస్తుందో పొట్టి కథ అక్కడ మొదలుపెట్టగలదు. "సరే, ముగ్గురం కలిసి ఉందాం. రేపు పొద్దున్న టిఫిన్ ఎవరు చేస్తారు?" అని.

కొరియన్ చదువరుల దగ్గర రెండు మంచి మాటలు ఉన్నాయి. కథ సాగుతూ గొంతులో అడ్డం పడుతుంటే 'గొగుమా', అంటే చిలగడదుంప. నీళ్ళు లేకుండా తింటే ఎలా ఉంటుందో మీకు తెలుసు. ముడి టక్కున విడిపోతే 'సైదా', అంటే కూల్ డ్రింక్. పొట్టి కథలు ఎక్కువగా సైదా కోసమే చదువుతారు. వాటి బలం అదే, బలహీనత కూడా అదే. అసూయ అనే చిలగడదుంపని నమలకుండా నేరుగా కూల్ డ్రింక్ తాగించేస్తే అది కథ కాదు, కోరిక మాత్రమే.

బొమ్మ విషయంలోనూ ఒక కష్టం ఉంది. ఫోన్ స్క్రీన్ సన్నగా, పొడుగ్గా ఉంటుంది. దానిలో ఒక ముఖం బాగా పడుతుంది, రెండు ముఖాలు సర్దుకుంటాయి, మూడు ఇరుక్కుంటాయి. అందుకని గీసేవాళ్ళు ముగ్గుర్ని పక్కపక్కన కాకుండా పైనుంచి కిందికి పేరుస్తారు. ఒకరి మాట, కొంచెం ఖాళీ, రెండోవారి చూపు, ఇంకా ఎక్కువ ఖాళీ, అప్పుడు మూడోవారి మౌనం. కిందకి జరపడానికి మన వేలికి పట్టే సమయమే ఆ మౌనం పొడవు. మంచి చిత్రకారుల దగ్గర ఆ ఖాళీని బట్టే ఎవరు బయట ఉన్నారో తెలిసిపోతుంది. మూడో మనిషి ఎప్పుడూ వేరే గడిలోనే ఉంటే, కథ ఏం చెప్పినా, అతను ఇంకా అతిథే.

ఇంగ్లీషులో పోయేది, తెలుగులో దొరికేది

నాకు ఈ విషయం మీద అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇది. నేను చదువుకున్నది అంతా ఇంగ్లీష్ మీడియంలోనే. అయినా ఈ కథల దగ్గర ఇంగ్లీష్ అనువాదం కంటే నాకు ఇంట్లో వచ్చిన తెలుగే ఎక్కువ ఉపయోగపడింది.

ఇంగ్లీషులో అందరికీ 'యు' ఒకటే. కొరియన్‌లో మాట చివర మారిపోతుంది. దగ్గరివాళ్ళతో, చిన్నవాళ్ళతో 'పన్‌మల్', మర్యాద ఇవ్వాల్సినవాళ్ళతో 'చొందేమల్'. మనకి 'నువ్వు', 'మీరు' ఉన్నట్టే. ముగ్గురి కథలో ఇది ఎంత ముఖ్యమో ఊహించండి. జంటలో ఇద్దరూ ఒకరినొకరు 'నువ్వు' అనుకుంటూ, కొత్తగా వచ్చిన మూడోవారిని 'మీరు' అంటున్నంతసేపూ అక్కడ గోడ ఉంది. ఏదో ఒక గడిలో ఆ 'మీరు' పోయి 'నువ్వు' వస్తుంది. కథలో అసలు మలుపు అదే. ఇంగ్లీషులో ఆ గడి ఖాళీగా దాటిపోతుంది.

పిలుపులూ అంతే. కాలేజీలో సీనియర్‌ని 'సొన్‌బే' అంటారు. అబ్బాయి తనకంటే పెద్ద అబ్బాయిని చనువుగా 'హ్యొంగ్' అంటాడు, మనం సీనియర్‌ని 'అన్నా' అన్నట్టే. ఒకే అమ్మాయిని ప్రేమించే ఇద్దరిలో చిన్నవాడు రెండోవాడిని మొదటిసారి 'హ్యొంగ్' అన్నాడనుకోండి. పోటీ అయిపోయింది, ఇల్లు మొదలైంది అని అర్థం. ఇంగ్లీషు అనువాదం అక్కడ పేరు పెట్టి ఊరుకుంటుంది.

అలా అని అన్నీ మనకి సరిపోవు. అమ్మాయి తనకంటే పెద్దవాడైన ప్రియుడిని 'ఒప్పా' అంటుంది, అర్థం అన్నయ్యే. దాన్ని తెలుగులో 'అన్నయ్యా' అని పెడితే ప్రేమకథ అక్కడితో ఆఖరు. 'బావా' అందామా అంటే అదీ కుదరదు. బావ అంటే మనకి మేనరికం వాసన వస్తుంది. కొరియాలో మేనరికం చట్టవిరుద్ధం, ఎనిమిదో అంచె దాకా రక్తసంబంధీకుల మధ్య పెళ్ళి కుదరదు. కాబట్టి 'ఒప్పా'ని 'ఒప్పా'గానే వదిలేయడం మంచిది.

అన్నిటికంటే పెద్దది 'ఊరి' అనే మాట. అంటే 'మన' లేదా 'మా'. కొరియన్ స్త్రీ తన భర్తని 'నా భర్త' అనేకంటే 'ఊరి నాంప్యొన్' అనడమే మామూలు. ఇంగ్లీషులో 'అవర్ హస్బెండ్' అంటే నవ్వులాట అవుతుంది, అందుకే 'మై' అని మార్చేస్తారు. మనకి నవ్వు రాదు, ఎందుకంటే మన అమ్మలు, అమ్మమ్మలు 'మా ఆయన' అనే అంటారు. ఒక్కడే భర్త, కానీ బహువచనం. రెండు భాషలూ మనిషిని ఒంటరిగా కాకుండా ఒక గుంపులో భాగంగా చూస్తాయి.

కానీ ఇక్కడ తెలుగు ఇంకో అడుగు ముందుకేస్తుంది. 'ఊరి'లో వినేవాడు ఉన్నాడా లేడా అన్నది తేలదు. తెలుగులో తేలుతుంది. 'మేము' అంటే నువ్వు లేవు. 'మనం' అంటే నువ్వూ ఉన్నావు. ఇప్పుడు ముగ్గురి కథలో ఒక డైలాగ్ తీసుకోండి. జంటలో ఒకరు మూడోవారితో "మేము నిన్ను ఇష్టపడుతున్నాం" అంటారు. ఎంత దయగా ఉన్నా అది ఇంటర్వ్యూ ప్యానెల్ మాట, ఇద్దరు ఒకవైపు, ఒకరు ఇంకోవైపు. అదే "మనం ఏం చేద్దాం?" అంటే బల్లకి ఒకేవైపు ముగ్గురు కూర్చున్నట్టు. మేము నుంచి మనం దాకా జరిగే ప్రయాణమే ఈ కథలన్నిటి సారాంశం. దాన్ని చెప్పడానికి మన భాషలో రెండు చిన్న సర్వనామాలు చాలు. కొరియన్ రచయిత బొమ్మతోనో పిలుపుతోనో చూపించాల్సినదాన్ని తెలుగు అనువాదకుడు ఒక్క మాటతో తేల్చేయగలడు. తేల్చక తప్పదు కూడా, 'ఊరి' దగ్గర ఆగి ఎవరు లోపల, ఎవరు బయట అని నిర్ణయించుకోవాలి.

ఈ కథలు ఎక్కడ తప్పుతాయి

అన్నీ బాగుంటాయని చెప్పను. ఎక్కువసార్లు కనిపించే లోపాలు మూడు.

ఒకటి, మూడో మనిషి సామాను. జంట మధ్య చప్పబడిన ప్రేమకి మసాలా వెయ్యడానికి వస్తాడు, పని అయిపోయాక అతని సొంత జీవితం ఏంటో మనకి తెలియదు. అతని ఊరేంటి, ఉద్యోగం ఏంటి, అలిగితే ఎక్కడికి వెళ్తాడు? తెలియదు.

రెండు, ఒప్పుకోవడం అనేది ఒత్తిడితో వస్తుంది. బాస్, కింద ఉద్యోగి. సీనియర్, జూనియర్. ఇంటి ఓనర్, అద్దె కట్టలేనివాడు. కాదంటే ఉద్యోగమో ఇల్లో పోతుంది అన్నప్పుడు చెప్పే 'సరే'ని 'సరే' అనలేం. కొన్ని కథలు దీన్నే రొమాంటిక్‌గా చూపిస్తాయి. బొమ్మలు ఎంత బాగున్నా అక్కడ మనం ఆగి చూడాలి.

మూడు, బయట ప్రపంచం మాయం. చుసొక్ పండక్కి ముగ్గురూ ఎవరింటికి వెళ్తారు? ఒకరు ఆసుపత్రిలో ఉంటే సంతకం ఎవరు పెడతారు? కొరియా సివిల్ చట్టంలో పెళ్ళి ఇద్దరికే, అంటే మూడోవారు కాగితం మీద ఎప్పుడూ పరాయివాళ్ళే. మంచి కథలు ఇలాంటిది కనీసం ఒక్క ప్రశ్న అయినా తలుపు సందులోంచి లోపలికి రానిస్తాయి. అప్పుడే ఆ ప్రేమకి ఖరీదు ఎంతో తెలుస్తుంది.

అసూయ గురించి కూడా ఒక మాట. అసూయ లేని ముగ్గుర్ని చూపించే కథ నమ్మబుద్ధి కాదు. అసూయ వచ్చినప్పుడు దాన్ని బయటికి చెప్పుకునే ముగ్గుర్ని చూపించే కథ గుర్తుండిపోతుంది. "నిన్న మీరిద్దరూ నవ్వుకుంటుంటే నాకు బాగోలేదు" అని ఒక పాత్ర సిగ్గుపడకుండా చెప్పగలిగితే చాలు.

మనకెందుకు?

ఈ కథలు చదివి ఎవరూ అలా బతకాలని నేను అనట్లేదు, బతకకూడదనీ అనట్లేదు. కానీ ఈ పదం మన మధ్యకి వచ్చేసింది. దానితో పాటు దాన్ని వాడే తీరూ వచ్చింది. ఇద్దరితో చాట్ చేస్తూ దొరికిపోయాక "నేను పాలీ టైప్" అనడం ఇప్పుడు కొత్త డిఫెన్స్. మొదటి కండిషనే ఫెయిల్, ఎందుకంటే దొరికిపోయాక చెప్పేది ఒప్పందం కాదు, వాదన. ముందు చెబితే అడగడం, తర్వాత చెబితే కప్పిపుచ్చడం. ఈ తేడా తెలియకపోతే నష్టపోయేది నిజాయితీగా ఉన్నవాళ్ళే. "నువ్వు బ్రాడ్‌మైండెడ్ కాదు" అనే మాటకి సమాధానం లేక నోరు మూసుకునేది కూడా వాళ్ళే.

ఇంకో తేడా కూడా గమనించండి. మన సినిమాల్లో హీరోకి ఇద్దరు హీరోయిన్లు ఉంటే ఫ్యామిలీ కామెడీ. పాటలో ఇద్దరూ చెరో పక్కన ఉంటారు, క్లైమాక్స్‌లో ఒకరు త్యాగం చేస్తారు, మనం పాప్‌కార్న్ తింటూ చూస్తాం. అదే అమ్మాయికి ఇద్దరు అంటే హాస్టల్ కారిడార్‌లో వినబడే మాట వేరు. కొరియాలో 'యొక్ హారెమ్' అనే విభాగం, అంటే ఒక అమ్మాయి చుట్టూ చాలామంది అబ్బాయిలు ఉండే కథలు, అంతగా చదువుతున్నది ఎక్కువగా ఆడవాళ్ళే అంటే ఆశ్చర్యం ఏముంది? ఎంచుకోవడమే కాదు, ఎంచుకోనని చెప్పే హక్కు కూడా మొదటిసారి కథలో తమకి దొరికింది.

కాబట్టి ఇలాంటి కథ ఈసారి మీ ఫోన్‌లో తెరిస్తే, సిగ్గుపడి స్క్రీన్ తిప్పేయక్కర్లేదు, అదేదో విప్లవం అని జెండా ఎత్తక్కర్లేదు. మూడు ప్రశ్నలు అడగండి. ఎవరికి తెలుసు? ఎవరు 'వద్దు' అని చెప్పగలరు, చెప్పినా సేఫ్‌గా ఉండగలరు? చివరి గడిలో వాళ్ళు చెప్పేది 'మేము'నా, 'మనం'నా?

ఈ మూడు ప్రశ్నలు ముగ్గురి ప్రేమకే కాదు, ఇద్దరి ప్రేమకీ సరిపోతాయి. ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్ టీమ్‌కి కూడా సరిపోతాయి, కావాలంటే ట్రై చేసి చూడండి.